ఐటీ మంత్రి గారికి ఒక రొయ్యల రైతు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా అబ్బాయి ఏఐ కోర్సు ఫీజు వెనక్కి ఇప్పించమని మూడు సోమవారాలు అర్జీ ఇచ్చాను. మూడుసార్లూ ‘మీ అర్జీ పరిష్కారమైంది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో పంపినవాళ్లే చెప్పాలి. ఫీజు రాలేదు. మా ఆవిడ గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

వివరాలు అర్జీలో ఉన్నాయి. ఆరు నెలల కోర్సు, లక్షా నలభై వేలు, ఉద్యోగం గ్యారంటీ అన్నారు ఆ కోచింగ్ సెంటర్ వాళ్లు. నాలుగో నెలలో షట్టర్ దించేశారు. నేను వెళ్లేసరికి బోర్డు కూడా లేదు. ఎదురుగా టీ కొట్టతను ‘ఈ వారం వచ్చిన తండ్రుల్లో మీరు పదోవారండీ’ అన్నాడు. అదే గదిలో ఇప్పుడు వేరే పేరుతో మళ్లీ ఏఐ కోర్సే చెప్తున్నారట!

ఈ ఊపు నాకు కొత్త కాదు సార్. 1990ల మొదట్లో మా తీరమంతా ఇంతే. వరి మళ్లు తవ్వి టైగర్ రొయ్యకు చెరువులు చేశాం. చెరువు గట్టెక్కి ఎరగని డాక్టర్లు, కాంట్రాక్టర్లు కూడా డబ్బు పెట్టారు. మా నాన్న ఎకరంన్నర తవ్వించాడు. మొదటి పంటకి మోటార్‌సైకిల్ కొన్నాడు. 1994లో వైరస్ వచ్చి, గట్టు వెంట చచ్చిన రొయ్యలు, ఊరంతా కంపు. మోటార్‌సైకిల్ అమ్మినా మేత బాకీ తీరలేదు. సీడు, మేత అమ్మినవాళ్లకి మాత్రం ముందే డబ్బు చేరింది.

అందుకే పేపర్లో, ఏఐకి చిప్పులు అమ్మే ఎన్విడియా కంపెనీ వార్తలు చూస్తే నాకు మేత డీలరే గుర్తొస్తాడు. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐలో 10,000 కోట్ల డాలర్ల దాకా పెడతామని ఆ కంపెనీ 2025 సెప్టెంబరులో ప్రకటించింది. ఓపెన్‌ఏఐ ఏమో మళ్లీ వాళ్ల చిప్పులే కొంటుంది. డీలరే రైతుకి అప్పిచ్చి, తన మేతే కొనిపించి, అమ్మకాలు పెరిగాయని చెప్పుకున్నట్టు లేదూ? చైనావాళ్ల చవక ఏఐ డీప్‌సీక్ దెబ్బకి 2025 జనవరి 27న ఎన్విడియా విలువ ఒక్కరోజులో దాదాపు 60,000 కోట్ల డాలర్లు పడింది. తర్వాత లేచిందిలెండి. ఏఐ మీద ఇన్వెస్టర్లు మరీ ఎగబడుతున్నారని ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మనే ఒప్పుకున్నాడు. మా దగ్గర మీటింగుల్లో ఆ ముక్క ఒక్కరూ చెప్పరు.

ఏఐ ఉత్తిదని నేననడం లేదు. రొయ్య మాత్రం ఉత్తిదా? 2009లో ప్రభుత్వం అనుమతిచ్చాక వనామీ అనే వేరే రకం రొయ్య వచ్చి ఇవాళ్టికీ మాకు అన్నం పెడుతోంది. కానీ 1994లో మునిగిన మా నాన్న అందాకా ఆగలేకపోయాడు, చెరువు అమ్ముకున్నాడు. ఇప్పుడు నేను చేసేది కౌలు చెరువు.

విశాఖలో డేటా సెంటర్ పెట్టడానికి గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో వస్తోందంటే సంతోషమే. సర్వర్లు నడవడానికి కరెంటెంతో, నీళ్లెన్నో లెక్కేసుంటారు. మావాడిలాంటి వాళ్లు ఎంతమంది కావాలో కూడా చెప్పండి. ‘ఏఐ నేర్చుకోండి’ అని పిలిచింది మీరే కదా. ఎవరి దగ్గర నేర్చుకోవాలో, ఆ షట్టర్ల వెనక ఎవరున్నారో చూసే పని కూడా మీదే కాదా?

దయచేసి ఆ అర్జీ ఒక్కసారి తెరిపించండి. ఫీజు ఇప్పించండి, లేదంటే ఇప్పించలేమని రాసివ్వండి. మావాడు ఇప్పుడు నాతోపాటు చెరువు దగ్గరే మేత చల్లుతున్నాడు. గట్టు మీద సిగ్నల్ ఉండదు. ఫోన్ చేయిస్తే సాయంత్రం ఆరు తర్వాత చేయించండి.

ఇట్లు,
ఒక కౌలు రైతు,
అల్లూరు మండలం, నెల్లూరు జిల్లా