చి. హరితకు అమ్మ వ్రాయునది

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమనే అనుకోవాలి. ఫోన్ ఎత్తవు, మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. అందుకే కాగితం తీశాను. చివరిదాకా చదువు.

మాంబళంలో ఎండలు కాస్త తగ్గాయి. నాన్న కంటి ఆపరేషన్ అయ్యాక పేపరు తనే చదువుకుంటున్నారు, నాకు ఆ పని తప్పింది. వసు పిన్ని మనవరాలి బారసాలకు క్రోంపేట వెళ్లొచ్చాం. పిల్ల అచ్చం పిన్ని పోలికే, పాపం. అక్కడే కిట్టు చెప్పాడు, నువ్వు ఆగస్టులో పెరూ వెళ్తున్నావని, టికెట్లు కూడా కొన్నావని. మంచిదే, చూడాల్సిన చోటే. కానీ వాడు మాటల్లో "అక్కకి లేహ్‌లో అయినట్టు కాకుండా ఉంటే చాలు పెద్దమ్మా" అన్నాడు. లేహ్‌లో ఏమైందిరా అంటే పాయసం కప్పు పట్టుకుని లోపలికి జారుకున్నాడు.

నేనేమీ అడగడం లేదు. సంపాదించుకుంటున్నావు, నీ ఇష్టం.

నాన్న కంప్యూటర్‌లో ఆ ఊళ్ల గురించి చదివాను. కుస్కో 3400 మీటర్ల ఎత్తున ఉంది. మాచుపిచ్చు 2430 మీటర్లే. అంటే మీరు చూడబోయే శిథిలాలు కింద, విమానం దిగే ఊరు పైన. ఎత్తున గాలి పలచన కదా, తలనొప్పి, వాంతులతో జనం తిప్పలు పడేది ఎక్కువగా ఆ ఊళ్లోనే, మొదటి రాత్రి. లేహ్ 3500. కుస్కోకీ దానికీ వంద మీటర్లే తేడా. బెంగళూరు కూడా ఎత్తే కదా అని నాతో వాదించకు, 920 మీటర్లు ఒక ఎత్తు కాదు.

కాబట్టి దిగిన రోజున కుస్కోలో పడుకోవద్దు. ఎయిర్‌పోర్టు నుంచే కారు మాట్లాడుకుని ఒయాంటాయ్‌టాంబో వెళ్లిపోండి. అది 2800 మీటర్లే, అక్కడా పాత ఇంకా రాజుల కోట ఉంది, మాచుపిచ్చు రైలు కూడా అక్కడే ఎక్కొచ్చు. కుస్కో, దాని పైనున్న సాక్సేవామాన్ కోట ఆఖర్న చూసుకోవచ్చు. ఆ కోట 3700 మీటర్లు. అప్పటికి ఒళ్లు కొంచెం అలవాటు పడుతుంది. నాలుగు రోజులు నడిచి వెళ్లే ఇంకా ట్రెయిల్ గురించి మాత్రం ఆలోచించకు, దాంట్లో ఒక కనుమ 4215 మీటర్లు. నీ లేహ్ సంగతి తెలియకుండా నేను దానికి సరే అనను.

పెద్దనాన్న ముక్తినాథ్ కథ నీకు సగమే తెలుసు. తిరువల్లిక్కేణి నుంచి నేపాల్ వెళ్లిన ఆ యాత్రలో నేనూ నాన్నా కూడా ఉన్నాం. పోఖరా 800 మీటర్లు, ముక్తినాథ్ 3700 పైనే. జీపుల్లో కుదేసి ఎక్కించేశారు. గుడి వెనక 108 ధారలుంటాయి, ఎద్దు ముఖాల్లోంచి నీళ్లు పడుతుంటాయి, మంచు కరిగిన నీళ్లు. పెద్దనాన్న పంచె బిగించి ఆ 108 ధారల కిందా పరుగెత్తారు. ఒక్కటి తప్పిందేమోనని మళ్లీ మొదటి నుంచి పరుగెత్తారు. ఆ రాత్రి తలనొప్పి, రెండు వాంతులు. పైత్యం అన్నారు. పెద్దమ్మ శొంఠి నూరి పట్టు వేసింది. వంటవాడు మిరియాల చారు కాచాడు. ఎవరికి తోచింది వాళ్లు చేశారు, కిందికి దిగుదామని మాత్రం ఒక్కరూ అనలేదు. తెల్లారి ఆయన లేచి చొక్కా గుండీలు పెట్టుకోబోయారు. పై గుండీ కింది కాజాలోకి, మళ్లీ విప్పి మళ్లీ అలాగే. నాన్న నవ్వారు. గుమ్మం దాటేటప్పుడు మనిషి తాగినవాడిలా తూలారు. జీపు డ్రైవరు నేపాలీ కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో. బూటు మడమతో నేల మీద గీత గీసి, వేలికి మడమ ఆనించి నడవమన్నాడు. పెద్దనాన్న రెండు అడుగులు వేసి పక్కకు ఒరిగిపోయారు. యాత్ర మేనేజరు ఇంకో దర్శనం బాకీ ఉందంటున్నాడు. ఆ కుర్రాడు మాట్లాడకుండా ఆయన్ని జీపులో కూర్చోబెట్టి స్టార్ట్ చేశాడు. జోమ్‌సోమ్‌కు వచ్చేసరికి చూపు నిలిచింది. ఇంకా కిందికి, తాతోపానీకి వచ్చాక ఇడ్లీ దొరుకుతుందా అని అడిగారు. ఇప్పటికీ ఆయన చెప్పుకునేది 108 ధారల గురించే. ఆ కుర్రాడి పేరు కూడా ఎవరం అడగలేదు.

తూలడం, మాట తడబడటం అంటే మెదడు వాస్తోందని అర్థం. కూర్చున్న చోటే ఆయాసం, ఆగని దగ్గు అయితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని. ఈ రెండింటికీ అసలు మందు కిందికి దిగడమే. రాత్రయినా, టికెట్ డబ్బులు పోయినా దిగాల్సిందే. వట్టి తలనొప్పి, వికారం అయితే అక్కడే ఆగాలి, తగ్గేదాకా ఇంకా పైకి ఎక్కకూడదు.

మన వీధి చివరి డాక్టరుగారిని అడిగాను, పక్కింటి వాళ్ల అమ్మాయి కోసమన్నట్టు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "ఇంతకు ముందు ఎత్తుకు వెళ్లినప్పుడు ఏమైనా అయిందా?" నేనేం చెప్పను? ఊపిరితిత్తుల్లో నీరు ఒకసారి చేరినవాళ్లకు మళ్లీ చేరే అవకాశం ఎక్కువట. వాళ్లకు ముందే వాడే మందు వేరే ఉంటుందట. మామూలుగా అయితే డయామాక్స్ 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, బాత్రూముకు ఎక్కువసార్లు వెళ్లాలి. కానీ అదీ సల్ఫా జాతి మందే, నీకు చిన్నప్పుడు సల్ఫా మాత్రకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. అది డాక్టరుకు చెప్పి తీరాలి. నీ అంతట నువ్వు మందుల షాపులో కొనుక్కుని మింగకు.

మొదటి రెండు రోజులూ బీరు, వైను ముట్టకండి. నువ్వు తాగుతావని అనడం లేదు, తోడు వచ్చేవాళ్లకు చెప్పు. నిద్ర మాత్రలు కూడా వద్దు. అక్కడ హోటళ్లలో కోకా ఆకుల టీ ఇస్తారట. అక్కడ అది మామూలే, కానీ కొకైన్ తీసేది ఆ ఆకుల్లోంచే, టీ తాగినా డ్రగ్ పరీక్షలో దొరికిపోతారు. ఆ ఆకులు మన దేశానికి తెస్తే ఇంకేమైనా ఉందా? సరదాకు కూడా సంచిలో వేసుకోకు.

మాచుపిచ్చులో మెట్లు నున్నగా అరిగి ఉంటాయి, చాలాచోట్ల అంచున కమ్మీలు ఉండవు. ఫొటో కోసం వెనక్కి వెనక్కి నడవకు. లోపల బాత్రూములు లేవు, గేటు బయటే వెళ్లి రావాలి. పాస్‌పోర్ట్ చూపించందే లోపలికి పోనివ్వరు. ఆ ఎత్తున ఎండ చల్లగా ఉన్నట్టే ఉండి చర్మం మాడ్చేస్తుంది. కుస్కోలో రాత్రుళ్లు గడ్డకట్టే చలి. నీ పాత ఊలు మఫ్లర్ బీరువా పై అరలోనే ఉంది, కొరియర్ చేస్తాను.

ఎల్లో ఫీవర్ టీకా సంగతి చూశావా? పెరూ నుంచి వచ్చేవాళ్లను మన ఎయిర్‌పోర్టులో ఆ సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే క్వారంటైన్. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ అది చెల్లదు. గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ఒక శనివారం ముందే శతాబ్దిలో వచ్చెయ్, ఆ వంకతో ఇంటికి వచ్చినట్టూ ఉంటుంది. హిమోగ్లోబిన్ కూడా చూపించుకోవచ్చు, కాలేజీలో ఉన్నప్పటి నుంచీ నీకు తక్కువే.

ఇట్లు,
అమ్మ

తా.క.: లేహ్‌లో దగ్గు వచ్చిందా, వట్టి తలనొప్పేనా? ఆక్సిజన్ పెట్టారా? ఆసుపత్రి చీటీ పారేసి ఉండవు, నీకు కాగితాలు దాచే అలవాటు ఉంది. ఫొటో తీసి నా ఫోన్‌కు పంపు. నాన్న ఫోన్‌కు వద్దు, ఆయనకు కిట్టు మాట వినపడలేదు.