అమ్మమ్మ మీద నువ్వు రాసింది చదివాను

చిన్నీ,

నువ్వు పంపింది రాత్రి రెండుసార్లు చదివాను. ఫోన్‌లో చెప్పబోతే నాకు ఏడుపొస్తుంది, అందుకే రాస్తున్నా.

మొదటి పేజీ నిండా అమ్మమ్మ మనసు వెన్న, నవ్వు వెన్నెల, మాట తేనె, ఆవిడ మనందరికీ నీడనిచ్చిన మర్రిచెట్టు. ఉపమలూ రూపకాలూ, పదో తరగతిలో నేనే పక్కన కూర్చోబెట్టి చెప్పినవి. తప్పేం లేదు, కానీ ఆ పేజీలో పేరు మార్చి పక్కింటి మామ్మగారి పేరు పెట్టినా ఒక్క మాట దిద్దక్కర్లేదు. రెండో పేజీలో 'ఫోన్ కట్ అయ్యాక కూడా అమ్మమ్మ కాసేపు చెవి దగ్గరే పెట్టుకుని కూర్చునేది' అని రాశావు చూడు, అక్కడ ఇంక చదవలేకపోయాను. అందులో పోలిక లేదు, అతిశయోక్తి లేదు. ఉన్నది ఉన్నట్టు కళ్లకు కట్టించడం, దాన్నే స్వభావోక్తి అంటారు.

దీని మీద దాదాపు 1300 ఏళ్ల కిందటే పేచీ ఉంది. 'సూర్యుడు అస్తమించాడు, చంద్రుడు వెలుగుతున్నాడు, పక్షులు గూళ్లకు పోతున్నాయి' అన్న వాక్యం చూపించి, ఇదేం కావ్యం, వట్టి వార్త అన్నాడు సంస్కృతంలో అలంకారాల మీద పుస్తకం రాసిన భామహుడు. అలాంటిదే తన పుస్తకం కావ్యాదర్శంలో దండి అదే వాక్యం తీసుకుని, వేళ తెలపడానికి అది బాగానే ఉందన్నాడు, పైగా అర్థాలంకారాల్లో స్వభావోక్తినే మొట్టమొదట పెట్టాడు, ఉపమ కూడా దాని తర్వాతే. నేను దండి వైపు. ఎందుకంటే ఆ వాక్యం ఎవరు ఎవరితో అన్నారన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. పశువుల కాపరి అంటే ఇంటికి తోలుకెళ్లే వేళైందని. మా అమ్మ గుమ్మంలో నిలబడి 'పొద్దుపోయింది' అంటే తాతయ్య ఇంకా రాలేదని, మేం అల్లరి ఆపాలని, అన్నం తర్వాతేనని. ఆ ఒక్క మాటలో అవన్నీ మాకు వినిపించేవి.

పోలికలు మానెయ్యమని కాదురా. ఆ మర్రిచెట్టు మాత్రం తీసెయ్, మన పెరట్లో ఉన్నది మునగచెట్టు. ఎన్నిసార్లు నరికినా చిగురేసేది, గట్టిగా ఊగితే కొమ్మ పుటుక్కున విరిగేది. అమ్మమ్మా అంతే కదా?

ఇంకొకటి. ఆవిడ చేత నువ్వు ఒక్క మాటా మాట్లాడించలేదు. డబ్బాలో గింజ లేనప్పుడు కూడా 'బియ్యం లేవు' అని ఏనాడూ అనలేదు, 'బియ్యం నిండుకున్నాయి' అనేది, ఇంట్లో లేదు అనే మాట పలకకూడదని. నెలాఖరుకి ఆ మాట వినగానే తాతయ్య చొక్కా తొడుక్కుని బయటికి వెళ్లేవారు. అది రాయి, దాని పక్కన ఏ అలంకారమూ పెట్టకు.

ఆ డబ్బా నా దగ్గరే ఉంది. మూత లోపల పెన్సిల్‌తో వేసిన పాల లెక్క ఇంకా చెరిగిపోలేదు. ఆదివారం వస్తే చూద్దువుగాని.

అమ్మ