కంతు ఒక్కటి తప్పని ఆడవాళ్లకి ఇంటి లోన్ ఎందుకు రాదు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మన కర్నూలులో ఇల్లు లేనోళ్ల గురించి మాటొస్తే పట్టాలు ఎన్ని పంచారు, ఇళ్లు ఎన్ని కట్టారు అనే లెక్కలే చెప్తారు, ఏ పార్టీ వాళ్లయినా అంతే. కానీ మా వీధిలో చానా మంది ఫ్రీగా ఇల్లు ఇమ్మని అడగడం లేదు సార్. నెలనెలా మేమే కట్టుకుంటాం, బ్యాంకు లోన్ ఒకటి ఇప్పించండి చాలు అంటున్నారు. అదే దొరకడం లేదు.

నేను కల్లూరు సైడ్ అద్దెకి ఉంటాను, టైలరింగ్ చేస్తాను, మా పొదుపు గ్రూపుకి లీడర్‌ని. గ్రూపులో ఒకామె మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల పనికి పోతుంది, ఒకామెకి ఇడ్లీ బండి ఉంది, ఇంకొకామె ప్రైవేట్ స్కూల్లో ఆయా. గ్రూపు లోన్ తీసుకున్నప్పటి నుంచి ఒక్క కంతు కూడా తప్పలేదు, ఎవరికైనా ఒక నెల ఇబ్బందైతే మిగతావాళ్లం తలా కొంచెం వేసి కట్టేశాం, మా బుక్కులో అన్నీ రాసే ఉన్నాయి. ఇదే బ్యాంకుకి ఇంటి లోన్ కోసం పోతే సాలరీ స్లిప్ ఉందా, మూడేళ్ల ఐటీ రిటర్న్‌లు ఉన్నాయా అని అడిగారు. ఇడ్లీ బండికి సాలరీ స్లిప్ ఎవరిస్తారు సార్? పొదుపు బుక్కు చూపిస్తే అది గ్రూపు లోన్‌కే పనికొస్తుంది, హౌసింగ్ లోన్‌కి లెక్కలోకి రాదన్నారు. ఇచ్చిన లోన్ తిరిగి కడతారా లేదా అనేదే కదా బ్యాంకు చూసుకోవాల్సింది, దానికి ఇన్నేళ్ల కంతుల కంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

బ్యాంకు కాదంటే మనోళ్లు ఊరికే కూర్చోరు. రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తారు, అంటే ఏడాదికి నూటికి 24 రూపాయలు. ఉద్యోగం ఉన్నోళ్లకి అందులో సగం కూడా పడదు, పైగా పాత ట్యాక్స్ పద్ధతిలో ఉంటే ఇంటి లోన్ వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో తగ్గింపు కూడా ఉంటుంది. వాళ్లకి ఇవ్వొద్దని నేననడం లేదు, వాళ్లూ కష్టపడే కట్టుకుంటున్నారు. కానీ తక్కువ సంపాదించేవాడు ఎక్కువ వడ్డీ కడుతూ ఏ తగ్గింపూ లేకుండా ఉంటే ఇల్లు ఎవరికి అమరుతుందో మీరే చెప్పండి.

కేంద్రం 2024లో తెచ్చిన పట్టణ ఆవాస్ యోజన 2.0లో వడ్డీ సబ్సిడీ పెట్టారు, 25 లక్షల లోపు లోన్‌లో మొదటి 8 లక్షల మీద 4 శాతం, మొత్తం 1.80 లక్షల దాకా వస్తుంది. మంచిదే. కానీ బ్యాంకు లోన్ ఇస్తేనే కదా సబ్సిడీ వచ్చేది. మా అమ్మాయి లా చదువుతోంది, తనే వెతికి చెప్పింది, మాలాంటి వాళ్లకి ఇచ్చే ఇంటి లోన్‌లకి బ్యాంకు నష్టపోకుండా కేంద్రం గ్యారంటీగా ఉండే ఫండ్ ఒకటి ఉందంట, దాన్ని వెయ్యి కోట్ల నుంచి 3 వేల కోట్లకి పెంచడానికి కూడా ఒప్పుకున్నారంట. ఈ ముక్క మాకు ఏ బ్రాంచిలోనూ ఎవరూ చెప్పలేదు, బోర్డు కూడా ఎక్కడా కనపడలేదు. టౌన్లలో పొదుపు గ్రూపుల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ మెప్మా వాళ్ల మీటింగుల్లో కూడా ఎప్పుడూ వినలేదు.

ఇంక పట్టాల సంగతి. 2020 డిసెంబర్‌లో టౌన్లలో ఒక సెంటు ఇచ్చారు, అంటే 48 గజాలు చిల్లర, ఇప్పటి ప్రభుత్వం టౌన్లో రెండు సెంట్లు అంటోంది. పట్టా ఆడవాళ్ల పేరు మీద ఇవ్వడం నిజంగా మంచి పని, దాన్ని ఎవరూ తీసేయకూడదు. కానీ జాగా ఎక్కడ? జగన్నాథ గట్టు మీద టిడ్కో ఇళ్లు, అంటే టౌన్లో పేదోళ్ల కోసం ప్రభుత్వం కట్టిన అపార్ట్‌మెంట్లు చూడండి, ఊరి బయట కొండ మీద. తెల్లారుజామున యార్డుకి పోవాల్సిన మనిషి అక్కడి నుంచి ఏ ఆటో పట్టుకుని వస్తుంది, ఆ ఛార్జీలకి రోజూ ఎంత పోతుంది? అద్దె మిగిలిందనుకుంటే ఆటోకి పోయింది. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఉద్యోగులకి ముందు గుడారాలు వేశారు, తర్వాత ఆఫీసులకి దగ్గర్లోనే క్వార్టర్స్ కట్టారు, బి క్యాంపు, సి క్యాంపు పేర్లు ఇప్పటికీ అట్లే ఉన్నాయి. పనికి దగ్గర ఇల్లుండాలని అప్పటి ప్రభుత్వానికి తెలుసు. మరి ఆస్పత్రి ఊడ్చే మనిషికి, యార్డు హమాలీకి ఆ దగ్గర అక్కర్లేదా? ఊళ్లో చవగ్గా దొరికేదల్లా హంద్రీ నది ఒడ్డున పల్లంలోనే, 2009 అక్టోబర్ వరదలో ఆ ఇళ్లు ఏమయ్యాయో కర్నూలోళ్లకి కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

సొంతిల్లు వచ్చేదాకా అద్దెకే ఉండాలి కదా, అక్కడ ఇంకో బాధ. నేరుగా కులం అడగరు, ఇంటి పేరు ఏంటి, చర్చికి పోతారా, నాన్‌వెజ్ వండుతారా అని తిప్పి తిప్పి అడుగుతారు, చివరికి మా తమ్ముడు వాళ్లు వస్తున్నారమ్మా, ఇల్లు ఖాళీ లేదు అంటారు. టూలెట్ బోర్డు మాత్రం వారం తర్వాత కూడా అట్లే వేలాడుతుంటుంది. మా గ్రూపులో ముస్లిం ఆమె భర్త పోయాక ఇద్దరు పిల్లల్తో ఇల్లు వెతుక్కుంటా తిరిగిన తిరుగుడు నేను పక్కనుండి చూసినా, మగదిక్కు లేదా అని ఒకచోట, మీవాళ్లు ఉండే వీధిలో చూసుకోమ్మా అని ఇంకోచోట. ఇట్లా చెయ్యడం వల్లే ఒక్కో వీధి ఒక్కోళ్లకే అయిపోతా ఉంది, సౌకర్యాలు లేని వీధుల్లో అద్దెలు కూడా దిగవు ఎందుకంటే అక్కడుండేవాళ్లకి వేరే దారి లేదని ఓనర్లకి తెలుసు.

అంటరానితనం పేరుతో ఎవరినైనా ఇంట్లో ఉండనీకుండా అడ్డుకుంటే నేరమని 1955 పౌరహక్కుల రక్షణ చట్టంలోనే ఉంది. దాని కింద అద్దె ఇల్లు ఇవ్వలేదని కేసు పెట్టినోళ్లని మాత్రం నేను చూడలేదు. మతం చూసి, ఒంటరి ఆడమనిషని చూసి ప్రైవేట్ ఓనర్ ఇల్లు ఇవ్వకపోతే అడగడానికి అట్లాంటి చట్టం కూడా లేదు. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన వారానికి, 1968 ఏప్రిల్‌లో, రంగు చూసి, మతం చూసి ఇల్లు అమ్మను, అద్దెకివ్వను, లోన్ ఇవ్వను అనకూడదని చట్టం చేశారంట. అమ్మకం, అద్దె, లోన్ మూడూ ఒకే చట్టంలో పెట్టారు, నాకు అది చానా నచ్చింది, ఎందుకంటే మాకు కూడా తలుపు మూసుకునేది ఆ మూడు చోట్లే.

రిజిస్ట్రేషన్ గురించి కూడా ఒక మాట. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, 20 లక్షల ఇంటికి లక్షన్నర. ఢిల్లీలో ఆడవాళ్ల పేరు మీదైతే మగవాళ్ల కంటే 2 శాతం తక్కువ స్టాంపు డ్యూటీ, మహారాష్ట్రలో 1 శాతం తక్కువ. మన దగ్గర కూడా మొదటి ఇల్లు ఆడమనిషి పేరు మీద కొంటే తగ్గించొచ్చు కదా.

కలెక్టర్ గారు జిల్లా బ్యాంకర్లతో మీటింగు పెడుతుంటారు, పంట రుణాల లెక్క అడుగుతారు, పేపర్లో వస్తుంది. అదే మీటింగులో సాలరీ స్లిప్ లేనోళ్లకి ఎన్ని ఇంటి లోన్‌లు ఇచ్చారు, ఎన్ని తిప్పి పంపారు, ఎందుకు పంపారు అని బ్రాంచిల వారీగా అడగమని నా విన్నపం. పొదుపు బుక్కులో కంతులు, ఫోన్‌పేలో అద్దె కట్టిన లెక్క, కరెంటు బిల్లు, ఇవన్నీ ఆదాయం రుజువుగా తీసుకోమని రాతపూర్వకంగా చెప్పాలి. గ్యారంటీ ఫండ్ ఉందని ప్రతి బ్రాంచిలో తెలుగులో బోర్డు పెట్టించాలి. టిడ్కో ఇళ్లకి లోన్‌లు రాయించుకుని, ఇల్లు చేతికి రాకముందే ఈఎంఐ కట్టమని నోటీసులు వచ్చినవాళ్ల గురించి కూడా పేపర్లలో చదివాం, తాళం చెవి ఇచ్చాకే మొదటి కంతు అనే రూల్ పెట్టాలి.

మీ పేపర్ వాళ్లు ఒకసారి బ్రాంచిలకి పోయి ఈ లెక్కలు అడిగి వేస్తే మా గ్రూపు ఆడవాళ్లందరం మా బుక్కులు పట్టుకుని ఆ మీటింగు రోజు కలెక్టరేట్ దగ్గరికి రావడానికి రెడీగా ఉన్నాం.

ఇట్లు,
ఒక పొదుపు గ్రూపు లీడర్,
కల్లూరు, కర్నూలు