అమెరికా వీసాకు మొదటి పేజీ, గల్ఫ్ వీసాకు జిల్లా పేజీ

సంపాదకులకు నమస్కారం.

కొవిడ్ టీకా రెండు డోసులు వేసుకున్న విదేశీయులను 2021 నవంబరు నుంచి రానిస్తామని అమెరికా ప్రకటించిన వార్తను మొన్న మీరు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేశారు. లోపల హెచ్1బీ ఉద్యోగ వీసా వాళ్ల ఇబ్బందుల మీద ఇంకో పేజీ మొత్తం ఇచ్చారు. ఇండియా నుంచి ప్రయాణాల మీద మే 4న మొదలైన నిషేధంతో వాపసు వెళ్లలేక, వీసా స్టాంపింగ్‌కు స్లాట్లు దొరక్క, అక్కడ ఇంటద్దె, కారు కిస్తీ కడుతూ ఇక్కడ ఇరుక్కుపోయిన కుటుంబాల గురించి బాగానే రాశారు. అది చదివిన రోజే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కోపం మీద రాసింది మీరు వేయరని పక్కన పెట్టాను. కోపమైతే తగ్గలేదు.

వాళ్లది కష్టం కాదని నేను అనను. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేకపోతే దేశం విడిచిపెట్టాలి అంటే మామూలు టెన్షన్ కాదు. నిరుడు, 2020లో, విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైనప్పుడు తల్లిదండ్రులది మన పాస్‌పోర్టు, బిడ్డది అమెరికా పాస్‌పోర్టు కావడంతో ఎక్కనివ్వని సంగతి కూడా మీ పేపర్లోనే చదివి బాధపడ్డాను. అయితే ఇక్కడ చిక్కుకున్నవాళ్లలో చాలామంది రాత్రిళ్లు లాప్‌టాప్ ముందు కూర్చుని ఉద్యోగం నిలబెట్టుకున్నారు. మా జగిత్యాల జిల్లా నుంచి సౌదీ, కువైట్, దుబాయ్ పోయినవాళ్లవి కూడా తాత్కాలిక వీసాలే కదా! క్రేన్ ఆపరేటరు, షట్టరింగ్ కార్పెంటరు కోరుట్లలో ఉండి రియాద్‌లో డ్యూటీ ఎట్లా చేస్తారు? వర్క్ ఫ్రమ్ హోమ్ అనే మాట మా వాడల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు తప్ప ఎవరికీ వర్తించదు.

మా బాబాయి కొడుకు సంగతే చెప్తాను. చెల్లె పెళ్లికని జనవరిలో సౌదీ నుంచి ఛుట్టీ మీద వచ్చాడు. ఫిబ్రవరి 3 నుంచి సౌదీ ఇరవై దేశాలవాళ్లను ఆపేసింది, అందులో మనమూ ఉన్నాం. వేరే దేశంలో 14 రోజులు ఉండి రావచ్చన్నారు. ఏజెంట్లు వెంటనే నేపాల్ ప్యాకేజీ, మాల్దీవుల ప్యాకేజీ అని బోర్డులు కట్టారు. మూడు రూపాయల మిత్తికి తెచ్చి కొందరు కట్టారు. ఏప్రిల్ ఆఖరులో నేపాల్ మనవాళ్లకు ఆ దారి బంద్ చేసింది, మే నెలలో మాల్దీవులు మూసేశాయి. కట్టిన పైసలు అడిగితే ఏజెంటు ఫోన్ ఎత్తడు. మిత్తి మాత్రం ఆగదు.

తర్వాత టీకా తిప్పలు. సర్కారు దవాఖానలో ఆ రోజు ఏది ఉంటే అది వేశారు, మావాడికి కొవాగ్జిన్ పడింది. మన హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలో తయారైన టీకా అని మనమంతా గర్వపడ్డాం, నేనూ పడ్డాను. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ముద్ర అప్పటికి రాలేదు, సౌదీ ఒప్పుకునే జాబితాలో అప్పుడు అది లేదు. విదేశాల్లో చదువుకు, ఉద్యోగానికి పోయేవాళ్లకు కొవిషీల్డ్ రెండో డోసు 84 రోజులు ఆగకుండా 28 రోజులకే వేయాలని కేంద్రం జూన్‌లో చెప్పింది. ఉద్యోగానికి పోయేవాళ్లకు అని అందులో స్పష్టంగా ఉంది. ఆ కాగితం ప్రింటు తీసుకుని మా కుర్రాళ్లు దవాఖానకు పోతే, అది ఒలింపిక్స్ వాళ్లకూ స్టూడెంట్లకూ అని వెనక్కి పంపారు. ఆగస్టు 24న సౌదీ కొంచెం తలుపు తీసింది, అదీ సౌదీలోనే రెండు డోసులు వేసుకున్నవాళ్లకు! టీకాలు ఊపందుకోకముందే ఛుట్టీ మీద వచ్చినవాడు అక్కడ రెండు డోసులు ఎప్పుడు వేసుకుంటాడో ఎవరైనా చెప్పాలి.

ఇక ఇక్కడ పని. ఉపాధి హామీలో 2021లో రోజు కూలి 245 రూపాయలు, కొలతలు వేశాక చేతికొచ్చేది అంతకన్నా తక్కువే. రైస్ మిల్లులో హమాలీకి పోదామంటే అక్కడ బిహారు పిల్లలున్నారు. పసుపు పని ఏడాది పొడుగునా ఉండదు. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని మా దిక్కు ఎప్పటినుంచో అనే మాట. బొంబాయి మిల్లులు మూతపడ్డాయి, బొగ్గుబాయిలో కొత్త కొలువులు ఎన్నో చూస్తూనే ఉన్నాం, ఇప్పుడు దుబాయి కూడా ఇట్లయింది.

ఈ కష్టకాలంలో మన ప్రభుత్వం గల్ఫ్ కార్మికుడి కోసం ఏం చేసిందంటే, జీతం తగ్గించింది. వెటకారం కాదు, నిజం. గల్ఫ్ దేశాల్లో మనవాళ్లకు ఇవ్వాల్సిన కనీస వేతనాన్ని 2020 సెప్టెంబరులో కేంద్రం 30 నుంచి 50 శాతం దాకా కోసేసింది. ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈలకు నెలకు 200 డాలర్లు అని పెట్టారు. అంటే పదిహేను వేలు కూడా కాదు. ఉద్యోగాలు వేరే దేశాలవాళ్లకు పోకుండా కాపాడటానికట! తెలంగాణ హైకోర్టులో కేసు పడి, కార్మిక సంఘాలు మొత్తుకున్నాక 2021 జులైలో వెనక్కి తీసుకున్నారు. మధ్యలో పది నెలలు ఆ రేటు మీద సంతకాలు పెట్టినవాళ్ల సంగతి ఎవరు చూడాలి? ఈ వార్త మీ పేపర్లో నేను చూసింది జిల్లా పేజీల్లో, పెళ్లి పందిరి ప్రకటనల పక్కన. హైదరాబాద్ పాఠకుడికి ఆ పేజీ రానే రాదు. ఎయిర్‌పోర్టుకు శవపేటిక వస్తే అదీ జిల్లా పేజీయే.

నిరుడు గల్ఫ్ కంపెనీలు సామాన్లు సర్దుకునే టైం ఇవ్వకుండా పంపేసినవాళ్లకు రావాల్సిన బాకీ జీతాలు వేరే కథ. సౌదీ చట్టంలోనే ఉంది, పని మాన్పించినప్పుడు మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం లెక్కన ఇవ్వాలని. ఇచ్చినట్టు కాగితం మీద సంతకం తీసుకుని విమానం ఎక్కించిన కంపెనీలున్నాయి. టికెట్ డబ్బులు కార్మికుడివే, వందే భారత్ అని పేరు మాత్రం ప్రభుత్వానిది. కువైట్ ఏప్రిల్‌లో ఆమ్నెస్టీ (వీసా గడువు దాటినవాళ్లకు క్షమాభిక్ష) ఇస్తే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు విమానం కోసం వారాల తరబడి క్యాంపుల్లో ఎదురుచూశారు. దిగినవాళ్లను శంషాబాద్‌లో టెంపరేచర్ చూశారు, ఫారం రాయించుకున్నారు. నీకు జీతం ఎంత బాకీ ఉంది అని ఆ ఫారంలో ఒక్క గడి పెడితే ఏం పోయేది?

కేరళలో వాపసు పోలేక ఆగిపోయినవాళ్లకు ప్రవాసుల కోసమున్న నోర్కా ద్వారా 5000 రూపాయలు ఇచ్చారు. పెద్ద మొత్తమేమీ కాదు, ఆ వంకతోనైనా మనిషి పేరు రాసుకున్నారు. వాళ్లకు దానికోసం ఒక శాఖ 1996 నుంచి ఉంది. మన దగ్గర గల్ఫ్ పాలసీ వస్తుందని ప్రతి ఎన్నికకూ వింటున్నాం. మా దరఖాస్తు పట్టుకుని పోతే ఒక ఆఫీసులో లేబర్ వాళ్ల దగ్గరికి పొమ్మన్నారు, వాళ్లు హైదరాబాద్ పొమ్మన్నారు, హైదరాబాద్‌లో అది కేంద్రం చూసుకుంటుందన్నారు. చదువుకున్నోళ్లం మాకే ఇట్లుంటే పాస్‌పోర్టులో ఈసీఆర్ (పదో తరగతి పాస్ కానివాళ్లకు వేసే) ముద్ర ఉన్నవాడు ఎక్కడ తిరగాలి?

జిల్లా కలెక్టరేట్‌లో ఒక కౌంటర్ పెట్టి, ఎవరి అకామా (సౌదీలో ఉండే అనుమతి) ఎప్పటిదాకా ఉంది, ఎవరికి ఏ టీకా పడింది, ఎవరికి ఎంత జీతం బాకీ అన్నది రాసుకుని ఎంబసీకి పంపమని అడుగుతున్నాం. దీనికి కోట్లు అక్కర్లేదు, ఒక క్లర్కు, ఒక కంప్యూటర్ చాలు. ఇరుక్కున్నవాళ్ల అకామాలను ఫీజు లేకుండా 2021 నవంబరు 30 దాకా పొడిగించింది కూడా సౌదీ రాజే, మనవాళ్లెవరూ కాదు. 2021 అక్టోబరు 30 ఉప ఎన్నిక కోసం మా నాయకులందరూ హుజూరాబాద్‌లో ఉన్నారు. ఆ ఉప ఎన్నిక అయ్యేదాకా ఆగాలంటే ఆ మాటైనా చెప్పమనండి, ఎందుకంటే ఆ తర్వాత గడువుకు మిగిలేది ఎక్కువ రోజులు కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కోరుట్ల, జగిత్యాల జిల్లా