నోటీసులో లేని రెండు రోజులు ఎక్కడి నుంచి వచ్చాయి?

సంపాదకులకు నమస్కారం.

ఏఐ వస్తే గుమాస్తా ఉద్యోగాలు ఉంటాయా, ఊడతాయా అని మీ పేజీలో చర్చ నడుస్తోంది. ఆ గుమాస్తాల్లో నేనూ ఒకణ్ణి. మున్సిపాలిటీలో సీనియర్ అసిస్టెంట్‌ని. ఉద్యోగాల సంగతి పెద్దవాళ్లు తేలుస్తారు. ఈలోగా మా ఆఫీసుల్లో చడీచప్పుడు లేకుండా నడుస్తున్న ఒక పని గురించి చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నోటీసులో, జవాబులో ఏదైనా పేరా గజిబిజిగా ఉంటే సెల్‌ఫోన్‌లో చాట్‌జీపీటీయో జెమినీయో తెరవడం, అందులో వేసి ‘దీన్ని కాస్త బాగా రాసిపెట్టు’ అనడం, వచ్చింది తెచ్చి ఫైల్లో పెట్టడం. దీనికి ఆర్డరూ లేదు, అభ్యంతరమూ లేదు.

అలా అడగాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చెబుతాను. మొన్నటి వేసవిలో మెయిన్ లైన్ లీకైతే మా సెక్షన్ నుంచి వెళ్లాల్సిన ప్రకటన ఇదీ:

‘పైప్‌లైన్ మరమ్మతు పనులు చేపట్టబడుచున్నందున 12, 13 వార్డులలో తాగునీటి సరఫరా పాక్షికముగా నిలిపివేయబడునని, పనులు పూర్తయిన పిమ్మట పునరుద్ధరించబడునని, అట్టి కాలములో ప్రజలు ప్రత్యామ్నాయ ఏర్పాట్లు చేసుకొనవలెనని, అత్యవసరమైన పక్షమున ట్యాంకర్ల ద్వారా సరఫరాకు తగు చర్యలు తీసుకొనబడునని ఇందుమూలముగా తెలియజేయడమైనది.’

ఇది నా సొంత రచన కాదు. నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉన్న ఫార్మాట్. వార్డు నంబరు మార్చి సంతకానికి పెడతాం, అంతే. అధికార భాషా చట్టం 1966లో వచ్చింది, అధికార భాషా సంఘం 1974లో ఏర్పడింది. ఆఫీసు తెలుగు జనానికి అర్థమయ్యేలా ఉండాలని అప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. ‘ఇందుమూలముగా’ మాత్రం కదల్లేదు.

మా దగ్గర కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంట్ అమ్మాయి దీన్ని ఫోన్‌లో వేసి, ప్రింట్ తీసి నా టేబుల్ మీద పెట్టింది: ‘12, 13 వార్డుల ప్రజలకు గమనిక. పైప్‌లైన్ మరమ్మతుల కారణంగా రెండు రోజుల పాటు తాగునీటి సరఫరా ఉండదు. అవసరమైన వారికి ట్యాంకర్ల ద్వారా నీరు అందిస్తాం. అసౌకర్యానికి చింతిస్తున్నాం.’

చదవడానికి హాయిగానే ఉంది. “బాగుందమ్మా, రెండు రోజులని నీకెవరు చెప్పారు?” అన్నాను.

“నేను రాయలేదు సార్, అదే రాసింది.”

ఎక్కడి నుంచి వచ్చాయి ఆ రెండు రోజులు? పాత పేరాలో ఎన్నాళ్లో లేదు. ఇలాంటి ప్రకటనల్లో మామూలుగా ఒక గడువు ఉంటుంది కాబట్టి, ఉండాల్సిన చోట ఉండదగ్గ మాటేదో అది పెట్టేసింది. దాని పని తీరే అంత. ఇంకా చూడండి. ‘పాక్షికముగా’ ఎగిరిపోయి నీళ్లు అసలే రావని తేలింది. ‘అత్యవసరమైన పక్షమున తగు చర్యలు’ అంటే మా భాషలో ఏ హామీ ఇవ్వకపోవడం. అది కాస్తా అడిగిన ప్రతి ఇంటికీ ట్యాంకర్ పంపిస్తామనే మాట అయింది. మా ట్యాంకర్లు ఎన్నో, వాటిలో కదిలేవి ఎన్నో నాకు తెలుసు. ఆ కాగితం వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లి ఉంటే తెల్లారేసరికి ఆఫీసు ముందు ఖాళీ బిందెలతో ధర్నా.

నాకు అర్థమైనంతలో గజిబిజి పేరాలు రెండు రకాలు. ఒకటి, రాసేవాడికి విషయమంతా తెలిసీ వాక్యం చుట్టుకుపోయినది. ఇంజినీరింగ్ సెక్షన్ నుంచి వచ్చే రిపోర్టులు చాలావరకు ఇవే. పైపు ఎక్కడ పగిలింది, ఏ సైజు, ఎంత లోతు తవ్వాలి, అన్నీ ఉంటాయి, కాకపోతే ఒకే వాక్యంలో ఉంటాయి. వీటికి ఏఐ బ్రహ్మాండంగా పనికొస్తుంది. నాలుగు ముక్కలు చేసి వరసలో పెడుతుంది, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారి సాయంత్రం మిగులుతుంది. రెండోది, రాసేవాడికే విషయం తెలియనిది, లేదా తెలిసినా చెప్పడం ఇష్టం లేనిది. ‘తగు చర్యలు తీసుకొనబడును’ అన్నప్పుడు తీసుకునేది ఎవరు? ఎప్పుడు? ఆ ప్రశ్న రాకుండా ఉండటానికే ఆ వాక్యాన్ని అలా కట్టారు. దాన్ని నున్నగా చేయమని మెషిన్‌కి ఇస్తే ఖాళీలు అలాగే ఉంటాయి, లేదంటే కల్పనతో నిండుతాయి. చదివేవాడికి మాత్రం అంతా స్పష్టంగా ఉన్నట్టు కనిపిస్తుంది. పాత గజిబిజే నయం, కనీసం అనుమానమైనా వచ్చేది.

అందుకని ఆ అమ్మాయితో అడిగే తీరు మార్పించాను. ‘బాగా రాయి’ అనొద్దు, ‘ఈ ప్రకటన చదివిన ఇల్లాలికి ఇంకా ఏ సందేహాలు మిగులుతాయి? నువ్వేమీ కొత్తగా చేర్చకు’ అని అడుగు అన్నాను. ఈసారి పనికొచ్చే జవాబు వచ్చింది. నీళ్లు ఎప్పటి నుంచి ఆగుతాయి, మళ్లీ ఎప్పుడొస్తాయి, పాక్షికంగా అంటే ఏ వీధులకు వస్తాయి, ట్యాంకర్ కావాలంటే ఎవరికి ఫోన్ చేయాలి, అత్యవసరం అని తేల్చేది ఎవరు. ఇందులో ఒక్కదానికీ మా సెక్షన్‌లో సమాధానం లేదు.

ఏఈ గారి దగ్గరికెళ్లాం. సమయాలు చెప్పారు. పాక్షికం సంగతి ఆయనకూ తెలియదు. “ఫార్మాట్‌లో ఉంది కదండీ” అన్నారు. చివరికి ఫిట్టర్‌ని పిలిపిస్తే, “పన్నెండో వార్డులో పల్లం వీధులకి చిన్న ట్యాంకు లైన్ వేరే ఉంది సార్, వాటికి గంటసేపు వదలొచ్చు” అన్నాడు. పైపులన్నీ తెలిసిన మనిషి ఆయనే, కానీ నీటి నోటీసు రాసేటప్పుడు ఆయన్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఆఖరికి వెళ్లిన ప్రకటన ఇది:

‘బుధవారం రాత్రి 10 గంటలకు మెయిన్ వాల్వ్ కట్టేస్తాం. గురువారం 12, 13 వార్డులకు నీళ్లు రావు. 12వ వార్డు పల్లం వీధులకు మాత్రం ఉదయం గంటసేపు వదులుతాం. శుక్రవారం ఉదయం నుంచి మామూలే. ట్యాంకర్ కోసం వార్డు ఆఫీసర్‌కు ఫోన్ చేయండి. ముందు ఆసుపత్రులకు, హాస్టళ్లకు పంపిస్తాం.’

ఈ వాక్యాలు ఆ అమ్మాయే రాసింది. సమాధానాలు చేతికొచ్చాక మెషిన్ అవసరం పడలేదు.

సమాచార హక్కు జవాబుల్లో ఇంకాస్త చిక్కుంది. అడిగిన సమాచారం ఇవ్వడం కుదరదన్నప్పుడు కారణం, ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, అప్పీలు అధికారి ఎవరు అన్నవి జవాబులోనే చెప్పాలని 2005 చట్టంలోని 7(8) సెక్షన్ అంటుంది. మొదటి అప్పీలుకు గడువు 30 రోజులు. జవాబు పొడుగైందని ఒక సహోద్యోగి ‘క్లుప్తంగా చెయ్యి’ అంటే మెషిన్ ముందుగా కోసేసింది ఆ అప్పీలు పేరానే. దాని లెక్కలో అది కొత్త సంగతి లేని రొటీన్ ముక్క. అర్జీ పెట్టుకున్న మనిషికి మిగిలిన దారి అదొక్కటే.

అసలు టెన్షన్ పెట్టేది మరొకటి. అర్జీలకు జవాబు రాయించుకోవడానికి అర్జీ మొత్తం ఫొటో తీసి ఎక్కించేస్తున్నారు. పేరు, ఇంటి నంబరు, ఫోన్, ఆధార్, ఒక్కోసారి పింఛను కోసం జత చేసిన డాక్టర్ కాగితాలతో సహా. ఉచితంగా వాడేవాళ్లు సెట్టింగుల్లో ఆపుకోకపోతే, అలా ఎక్కించినదాన్ని కంపెనీలు తమ మోడళ్ల శిక్షణకు వాడుకునే వీలుంది. కేంద్ర ఆర్థిక శాఖ 2025 జనవరిలో తన సిబ్బందిని ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దంది, పత్రాల గోప్యతకు ముప్పని. సబబే. కానీ ఆఫీసు కంప్యూటర్‌లో వద్దంటే సొంత ఫోన్ తీస్తారు, మా దగ్గర జరుగుతున్నది అదే. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, మా సీట్ల దాకా ఇంకా రాలేదు. పేరు బదులు ‘అర్జీదారు’, ఇంటి నంబరు బదులు ‘ఫలానా’ అని మార్చి, కావాల్సిన పేరా ఒక్కటే వేయడానికి నిమిషం పట్టదు. చెప్పేవాళ్లు కావాలి.

పురపాలక శాఖ నిషేధం జోలికి పోకుండా రెండు పనులు చేస్తే చాలు. ఏవి ఎక్కించకూడదో ఒక పేజీ సర్క్యులర్, తెలుగులో, ‘ఇందుమూలముగా’ లేకుండా. రెండోది, ఏఐ మార్చిన పేరా ఉంటే పాతదీ కొత్తదీ నోట్ ఫైల్లో పక్కపక్కన పెట్టాలని నియమం. సంతకం పెట్టే కమిషనర్‌కి ఏ అంకె ఎక్కడ కొత్తగా దూరిందో కంటికి కనపడాలి.

మీ జిల్లా డెస్క్‌కూ ఒక మనవి. మున్సిపాలిటీ నుంచి వచ్చే ప్రకటనలో ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి లేకపోతే అచ్చు వేయకండి, తిప్పి పంపండి. మేం పంపినది పంపినట్టు వేసేస్తుంటే మాకూ కనుక్కునే పని తప్పుతోంది. విలేకరి ఫోన్ చేస్తే ఎత్తాల్సింది నేనే. విసుక్కోనని మాట ఇస్తున్నాను.

– ఒక సీనియర్ అసిస్టెంట్, ఉమ్మడి నల్గొండ జిల్లా
(సర్వీసు నిబంధనలు మీకు తెలియనివి కావు, పేరు వేయవద్దని మనవి)