మా పిల్లలు గ్రహాలైపోయారు

ఒరేయ్ మామా,

ఫోన్లో చెప్తానన్నా కానీ కుదర్లేదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా. మా బడిలో పిల్లలకి వినపడదని నీకు తెలుసు కదా. మూడో తరగతికి ఈ నెల సౌర కుటుంబం పాఠం. మొదటి రోజే నా తెలివి బయటపడింది. కిటికీలన్నీ మూసి, లైట్లు తీసేసి, టార్చి సూర్యుడు, రబ్బరు బంతి భూమి అని అంతా సిద్ధం చేసుకుని, కథ మొదలుపెడదామని చేతులెత్తాక గుర్తొచ్చింది, చీకట్లో నా సైగలు వాళ్లకెలా కనపడతాయని! ఒకడు లేచెళ్లి లైటు వేసి నా వంక ఒక చూపు చూశాడు. సరే, వదిలెయ్.

రెండో తప్పు, బంతి తిప్పుతూనే చెప్పబోవడం. మనం బంతిని చూస్తూనే మాట వింటాం, వీళ్లకి రెండు పనులూ కళ్లే చెయ్యాలి. బంతి వైపు చూస్తే మాట పోతుంది. అందుకని ముందు చూపించి ఆగాలి, అందరి కళ్లూ మళ్లీ నా మీదకి వచ్చాకే కథ.

మర్నాడు వరండాలో ముగ్గుతో గుండ్రాలు గీశాం. మధ్యలో సూర్యుడు తాత, బుగ్గలు పూరించుకుని కూర్చున్నాడు. బుధుడు అల్లరి మనవడు, తాత చుట్టూ 88 రోజులకో చుట్టు, అంటే భూమి తాత చుట్టూ ఒకసారి తిరిగేలోపు నాలుగు చుట్లు. ఆ వేషం వేసినవాడు పాపం రొప్పుతూ కూలబడ్డాడు. శుక్రుడిది వేరే కథ. తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు, తాత చుట్టూ తిరగడానికి 225 రోజులే. పైగా తన చుట్టూ తాను తిరిగేది మనకి వ్యతిరేక దిశలో. ఒప్పులకుప్ప నెమ్మదిగా, తిరగేసి ఆడమంటే ఆ పిల్ల నవ్వాపుకోలేక పడిపోయింది.

అసలు నీకు చెప్పాలనుకున్నది ఇది. 'భూమి తన చుట్టూ తాను తిరుగుతూ సూర్యుడి చుట్టూ తిరుగుతుంది' అని మనం బట్టీ పట్టాం కదా, ఒక్క ముక్కయినా కళ్లముందు కనపడిందా? వీళ్ల భాషలో ఆ మాట చెప్పాలంటే ఎడమ పిడికిలి సూర్యుడవ్వాలి, కుడి చెయ్యి మెలి తిరుగుతూ దాని చుట్టూ తిరగాలి. అర్థం కానివాడి చెయ్యి తప్పు తిరుగుతుంది, వెంటనే దొరికిపోతాడు. బట్టీ పట్టి తప్పించుకునే దారే లేదు!

ఒక పిల్ల మాత్రం నన్ను ఇరికించింది. గుళ్లో నవగ్రహాల్లో భూమి ఎక్కడని. సూర్యుడు, చంద్రుడు, రాహుకేతువులు కూడా ఉన్నారు, మనం లేం. భూమ్మీద నిలబడి పైకి చూసినవాళ్ల లెక్క అది అని చెప్పేసరికి చేతులు నొప్పెట్టాయి.

అంతరిక్షంలో గాలి లేదు, అక్కడ శబ్దం వినపడదన్నా. అంటే అక్కడ అందరూ మనలాగే ఉంటారా అని అడిగారు! అప్పుడు అమెరికా కథ చెప్పా. అంతరిక్షంలో మనిషి ఒళ్లు ఎలా తట్టుకుంటుందో తెలుసుకోవడానికి, 1950ల చివర్లో గ్యాలోడెట్ అనే వినపడనివాళ్ల కాలేజీకి చెందిన 11 మంది మీద నాసా, అమెరికా నేవీ వాళ్లు కలిసి పరీక్షలు మొదలుపెట్టారు. జబ్బు వల్ల, ఒంటి బ్యాలెన్సు చూసుకునే లోపలి చెవి దెబ్బతినడంతో, ఎంత ఊపినా వాళ్లకి కళ్లు తిరగవు, వాంతి రాదు. ఒకసారి తుపాను సముద్రంలో ఓడ ఎక్కిస్తే, వీళ్లు హాయిగా పేకాడుకుంటుంటే పరీక్ష పెట్టినవాళ్లకే కడుపులో తిప్పి పరీక్ష ఆపేశారట. ఆ వాంతి ఘట్టం మూడుసార్లు చేసి చూపించాల్సి వచ్చింది, నా పరువు నువ్వే ఊహించుకో.

పండక్కి వస్తావుగా, వచ్చేటప్పుడు పెద్ద థర్మకోల్ బంతులు పట్రా, గురుడికి సరిపోయేది ఇక్కడ దొరకట్లేదు. శని చుట్టూ పెట్టడానికి మీ అమ్మగారి పాత తిరగలి రాయి ఏమీ వద్దులే, అట్టముక్క చాలు.

నీ
మామ