గోపాలపురం ఇసుకలో పడవకూ చోటుండాలి

సంపాదక మహాశయా,

సెలవులొస్తే చాలు, ఇచ్ఛాపురం, సోంపేట మొదలుకొని విశాఖపట్నం దాకా ఎందరో తెలుగువారు బరంపురం మీదుగా ఒడిశాలోని గోపాలపురం సముద్రతీరానికి వస్తారు. ఆ ఊరి గురించి పత్రికల్లో వచ్చే కథనాల్లో లైట్‌హౌసు, పాత రేవు స్తంభాలు, రాత్రి పొద్దుపోయేదాకా వెలిగే దుకాణాలు, వేయించిన రొయ్యలు తప్పక ఉంటాయి. ఆ రొయ్యలు పట్టి తెచ్చేవారిలో చాలామంది ఇళ్లలో మన భాషే మాట్లాడతారన్న సంగతి మాత్రం అరుదుగా కనిపిస్తుంది. ఈ ఊరున్న గంజాం జిల్లాలో చాలా భాగం 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలో చేరింది. ఒకప్పుడు రంగూనుకు కూలీలను పంపిన ఇక్కడి పాత రేవు మూతపడింది. ఒడియాలో నోలియాలని పిలిచే ఈ మత్స్యకారులు మాత్రం అక్కడే ఉండి వేట సాగిస్తున్నారు.

పొద్దున్నే వెళ్లి చూస్తే అది పూర్తిగా వారి ఒడ్డు. పడవ ఇసుకకు తగలగానే గంపలతో ఆడవాళ్లు చుట్టూ చేరతారు, నిలబడిన చోటే వేలం జరుగుతుంది, అమ్ముడుపోని నెత్తళ్లు, కవ్వళ్లు అక్కడే ఎండకు పరుస్తారు. మధ్యాహ్నం దాటాక అదే ఇసుక మీదికి ప్లాస్టిక్ కుర్చీలు, తోపుడుబండ్లు వస్తాయి, సగం ఎండిన చేపలను ఎత్తుకుని వారు పక్కకు తప్పుకుంటారు. బండ్లవాళ్లదీ బతుకుతెరువే, వారిని తప్పుపట్టడం లేదు. చోటు ఎవరికెంతో హద్దులు గీయకపోవడమే అసలు లోపం.

పడవల సంగతి ఇంకా ముఖ్యం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. తుపాను హెచ్చరిక రాగానే పడవలను, వలలను లాక్కెళ్లి దాచుకునేది ఒడ్డు ఎగువనున్న ఇసుక మీదే కాబట్టి, సాయంత్రపు సందడి కోసం ఆ ఎగువ భాగమంతా దుకాణాలకు పోతే ప్రమాద సమయంలో వారికి దారి ఉండదు. అందుచేత పడవలకు, వలలు బాగుచేసుకోవడానికి, చేపలు ఎండబెట్టుకోవడానికి తీరంలో కొంత మేర గుర్తించి, అక్కడ వ్యాపారానికి అనుమతి ఇవ్వకూడదు. సహజ పద్ధతిలో చేపలు ఎండబెట్టుకోవడాన్ని తీరప్రాంత నియంత్రణకై కేంద్రం ఇచ్చిన 2011 నాటి సీఆర్‌జెడ్ ప్రకటన సైతం నిషేధాల నుంచి మినహాయించింది. ఎత్తుగా ఒక సిమెంటు అరుగు, నీడకు కప్పు, చేతులు కడుక్కోవడానికి కొళాయి ఉంటే ఎండుచేప శుభ్రంగా ఉండి మంచి ధర పలుకుతుంది.

సాయంత్రపు బజారులో చేపలమ్మే ఆ ఆడవాళ్లకు సొంత దుకాణాలు ఇవ్వాలన్నది నా రెండో విన్నపం. సముద్రపు తాబేళ్ల రక్షణకై నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఇదే జిల్లాలోని ఋషికుల్యా నది మొగ పరిసరాల్లో వేటపై ఆంక్షలుంటాయి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు తూర్పు తీరమంతటా మరపడవలు ఆగిపోతాయి. యాత్రికులు విరివిగా వచ్చే చలికాలం సరిగ్గా ఈ తాబేళ్ల ఆంక్షల కాలంలోనే పడుతుంది. పచ్చిచేపను తెల్లవారుజామున దళారికి అయినకాడికి ఇచ్చేసే మనిషి, అదే చేపను వేయించి రాత్రి తన చేత్తో అమ్ముకోగలిగితే, వేట తగ్గిన నెలల్లోనూ ఇల్లు గడుస్తుంది.

తీరాన్ని తీర్చిదిద్దే పథకం ఏది గీసినా, ముందుగా ఆ మత్స్యకారుల వాడకు వెళ్లి, వారికి అర్థమయ్యే తెలుగులో వారి అభిప్రాయం అడగాలని గంజాం జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను. మీ విలేకరిని కూడా ఒకసారి ఉదయం వేలం జరిగే వేళకు గోపాలపురం పంపించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా